డేవిడ్ కార్ ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడు? తప్పు 249 సాక్‌లదా, అతనిదా?

1. బేయూ వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

2024 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో మా హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) సి.జె. స్ట్రౌడ్‌ను ప్రత్యర్థులు 52 సార్లు నేలకేసి కొట్టారు. అంతకు ముందటి ఏడాది, కొత్తగా వచ్చినప్పుడు, 23 టచ్‌డౌన్‌లు (స్కోరు తెచ్చే పాసులు) వేసి 5 ఇంటర్‌సెప్షన్‌లే (ప్రత్యర్థి చేతిలో పడే పాసులు) ఇచ్చిన కుర్రవాడు. రెండో ఏడాది సగం గడిచేసరికి బంతి చేతికి రాగానే అతని కళ్లు పాసు అందుకునే రిసీవర్ల మీద కాకుండా మీదికి దూసుకొచ్చేవాళ్ల మీద పడడం చూశాను. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో డేవిడ్ కార్ కళ్లలో చూశాను.

2002 సెప్టెంబర్ 8న నేను ఇక్కడ చదువుకుంటున్న విద్యార్థిని. నలుగురం ఉండే అపార్ట్‌మెంట్‌లో చిన్న టీవీ ముందు కూర్చుని టెక్సన్స్ మొట్టమొదటి ఆట చూశాం. కొత్త జట్టు, ఎదురుగా డాలస్ కౌబాయ్స్. కార్ మొదట బిల్లీ మిల్లర్‌కు 19 గజాల టచ్‌డౌన్, తర్వాత కోరీ బ్రాడ్‌ఫర్డ్‌కు 65 గజాల టచ్‌డౌన్ వేశాడు. 19-10తో గెలిచాం. ఆట నియమాలు సగం తెలియకపోయినా ఆ రాత్రి వీధిలో కార్ల హారన్లు ఎందుకు మోగాయో అర్థమైంది. ఇల్లు అలకగానే పండుగ కాదని ఆ సంవత్సరం ముగిసేలోపు తెలిసింది. ఆ ఒక్క సీజన్‌లో కార్‌ను 76 సార్లు సాక్ చేశారు. అంతకు ముందు 1986లో రాండల్ కన్నింగ్‌హామ్ 72 సాక్‌లు తిన్నాడు. 76 నాటి నుంచి నేటి వరకు రికార్డుగానే ఉంది.

ఐదేళ్ల లెక్క ఇది: 76, 15, 49, 68, 41. మొత్తం 249. డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి ఆటగాడిగా వచ్చిన మనిషి 2007లో 59 టచ్‌డౌన్‌లు, 65 ఇంటర్‌సెప్షన్‌లతో ఈ ఊరు వదిలి వెళ్లాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కార్‌కు ప్రతిభ తక్కువై ఓడిపోలేదు. పునాది పోయకుండా పైకప్పు వేసిన జట్టు అతన్ని పాడుచేసింది. మీరేమంటారు?

2. మూడో క్వార్టర్

బేయూ వాసి గారూ, మీ బాధ అర్థమైంది. నేను ఒప్పుకోను.

సాక్ అంటే కేవలం లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే వరస) వైఫల్యం అన్న నమ్మకం నాకు మొదటి నుంచీ లేదు. బంతి ఎప్పుడు వదలాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. మీరిచ్చిన అంకెల్లోనే దానికి సాక్ష్యం ఉంది. 2002లో 76, 2003లో 15. 2003లో కార్ 12 ఆటలే ఆడాడు, సరే. అయినా ఒక్క ఏడాదిలో లైన్ అంత మారిపోయిందా? లేదు. బంతి త్వరగా వదిలాడు. అంటే వదలగలడు. మరి 2005లో 68 ఎందుకు?

ఇంకో ఉదాహరణ. ఇదే హ్యూస్టన్‌లో 2018లో డెషాన్ వాట్సన్‌ను 62 సార్లు సాక్ చేశారు. అతను 4,165 గజాలు విసిరాడు, జట్టు 11 గెలుపులు, 5 ఓటములతో (11-5) నిలిచింది. సిన్సినాటిలో జో బరోను 2021లో 51 సార్లు పడగొట్టారు. టెనెసీలో ప్లేఆఫ్ ఆటలో ఒక్కరోజే తొమ్మిది సార్లు పడ్డాడు, ఆ ఆట గెలిచాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు వెళ్లాడు. దెబ్బలు తినడం ఒకటి, దెబ్బలకు తగ్గిపోవడం ఇంకొకటి.

చివరిది. 2006లో టెక్సన్స్ లైన్ 43 సాక్‌లు ఇచ్చింది. 2007లో కార్ వెళ్లి మాట్ షాబ్ వచ్చాడు. సాక్‌లు 22కు పడిపోయాయి. దీనికి మీ సమాధానం ఏమిటి?

3. లంకతోట

నేను విజయవాడలో ఉంటాను. బడిలో పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉన్నాడు. నిరుడు అక్కడ ఆరు నెలలున్నప్పుడు ఆదివారం వస్తే ఇంట్లో ఈ ఆటే. అరుపులు వినిపించేవి గాని నాకు ఏమీ తెలిసేది కాదు. దయచేసి ఎవరైనా చెప్పండి. సాక్ అంటే ఆ బంతి విసిరే అబ్బాయిని పడగొట్టడమేనా? అది అంత పెద్ద విషయమా? అందరూ అందరినీ పడగొడుతూనే ఉన్నారు కదా.

4. పాత టేపులు

లంకతోట గారూ, మంచి ప్రశ్న. చెబుతాను.

క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే వెనక్కి నాలుగైదు అడుగులు వేస్తాడు. ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. వాళ్లే ఆఫెన్సివ్ లైన్. ఆ గోడ వెనకాల ఏర్పడే కాస్త ఖాళీని పాకెట్ అంటారు. అక్కడ అతనికి దొరికేది సుమారు రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపల ముప్ఫై నలభై గజాల దూరంలో పరుగెత్తే నలుగురైదుగురిలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి, విసరాలి. గోడ కూలి, బంతి చేతిలో ఉండగానే అతన్ని నేలమీద పడేస్తే అది సాక్. గజాలు పోతాయి. ఒక్కోసారి బంతి కూడా పోతుంది.

అందరూ అందరినీ పడగొడతారన్నది నిజమే. తేడా ఎక్కడంటే, బంతి పట్టుకుని పరుగెత్తేవాడు దెబ్బ వస్తుందని తెలిసి, ఒళ్లు బిగపట్టుకుని తింటాడు. క్వార్టర్‌బ్యాక్ దూరంగా చూస్తూ నిలబడి ఉంటాడు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు వెనకనుంచి వచ్చేవాడు కనిపించడు. చూడకుండా తినే దెబ్బ అది. ఆ ఎడమ పక్కను కాపాడే లెఫ్ట్ ట్యాకిల్‌కు అందుకే అంత విలువ.

ఇక కార్ సంగతి. నేను ఇక్కడ వారాంతాల్లో పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పుతాను. పాత ఆటలు మళ్లీ మళ్లీ చూసే అలవాటు ఉంది. 2002 మొదటి నెలలో కార్ పాకెట్‌లో తల ఎత్తి నిలబడేవాడు. మొదటి రిసీవర్ దొరకకపోతే రెండోవాడి వైపు భుజం తిప్పేవాడు. 2005 ఆటలు చూడండి. మొదటివాడు ఖాళీగా లేకపోతే తల కిందికి దిగిపోతుంది. గోడ ఇంకా నిలబడే ఉన్నా అతను కదిలిపోతాడు. కదిలి తానే వెళ్లి సాక్‌లో పడతాడు. మూడో క్వార్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం: 2005లో చాలా సాక్‌లు కార్‌వే. బేయూ వాసి గారు చెప్పిందీ నిజమే: 2002లో కార్ అలా ఆడలేదు.

కాబట్టి "లైనా, కారా" అన్న ప్రశ్న నాకు సరిగ్గా అనిపించదు. ఆ మూడేళ్లలో ఆ తల ఎలా వంగిందన్నదే అసలు ప్రశ్న.

5. షుగర్‌ల్యాండ్ నాన్న

పాత టేపులు గారి ప్రశ్నకు నా దగ్గర ఒక జాబితా ఉంది. ఆ ఐదేళ్లలో టెక్సన్స్ మొదటి రౌండులో ఎవరిని తీసుకున్నారో చూడండి. 2002లో కార్. 2003లో రిసీవర్ ఆండ్రే జాన్సన్. 2004లో డంటా రాబిన్సన్, జేసన్ బాబిన్. 2005లో ట్రావిస్ జాన్సన్. 2006లో డ్రాఫ్ట్ మొత్తానికీ మొదటి ఎంపికగా మారియో విలియమ్స్. ఆండ్రే జాన్సన్ తర్వాత వచ్చిన నలుగురూ డిఫెన్స్ వాళ్లే. క్వార్టర్‌బ్యాక్‌ను 76 సార్లు పడేసిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టినా మొదటి రౌండులో ఒక్క లైన్‌మన్ లేడు. మొదటి రౌండు లెఫ్ట్ ట్యాకిల్ డ్యుయేన్ బ్రౌన్ ఈ ఊరికి 2008లో వచ్చాడు. అప్పటికి కార్ వెళ్లి ఏడాది దాటింది.

అసలు ప్రణాళిక వేరు. 2002 ఫిబ్రవరిలో కొత్త జట్టు కోసం జరిగిన ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో టెక్సన్స్ తీసుకున్న మొట్టమొదటి మనిషి టోనీ బొసెల్లి. ఆ కాలపు అత్యుత్తమ లెఫ్ట్ ట్యాకిళ్లలో ఒకడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. భుజం గాయంతో వచ్చాడు. హ్యూస్టన్ తరఫున ఒక్క ఆట కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. అతను నిలబడాల్సిన చోట రెండో రౌండులో వచ్చిన కొత్త కుర్రవాడు చెస్టర్ పిట్స్ నిలబడ్డాడు. పిట్స్ హైస్కూల్లో ఫుట్‌బాలే ఆడలేదు. శాన్ డియాగోలో కిరాణా దుకాణంలో సరుకులు సంచుల్లో వేస్తుంటే అతని ఆకారం చూసి ఒక ఆటగాడు కాలేజీ జట్టు వైపు నడిపించాడు. ఆ అబ్బాయి కష్టపడ్డాడు, చాలా ఏళ్లు ఆడాడు, నాకు అతనంటే గౌరవం. కాని తొలి ఏడాదే ఆ స్థానంలో నిలబెట్టడం అతనికీ కార్‌కూ ఇద్దరికీ అన్యాయమే.

ఇంకో మాట. మా విభాగంలోనే ఇండియానాపొలిస్ ఉంది. 2002 డ్రాఫ్ట్‌లోనే వాళ్లు డ్వైట్ ఫ్రీనీని తెచ్చుకున్నారు. బొంగరంలా తిరిగి ట్యాకిల్‌ను దాటి వచ్చే మనిషి. ఏడాదికి రెండుసార్లు అతనికి ఎదురు నిలవాలి.

6. మూడో క్వార్టర్

బొసెల్లి విషయం ఒప్పుకుంటాను. భుజం బాగోలేని మనిషి మీద మొత్తం పందెం కాయడం, అది పోయాక ఇంకో దారి చూడకపోవడం తప్పే.

కాని ఐదేళ్లు ఇచ్చారు. 75 ఆటల్లో అతన్నే మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దించారు. 22 గెలుపులు, 53 ఓటములు. ఈ లీగ్‌లో అంత ఓపిక అరుదు. ఆండ్రే జాన్సన్ లాంటి రిసీవర్‌ను ఇచ్చారు. డొమానిక్ డేవిస్ 2003లో వచ్చిన ఏడాదే వెయ్యి గజాలు దాటి పరుగెత్తాడు. 2004లో జట్టు 7-9 దాకా వచ్చింది. కార్ 3,531 గజాలు, 16 టచ్‌డౌన్‌లు. అక్కడ నుంచి మెట్టు ఎక్కాల్సిన సమయంలో 2005లో 2-14కు జారాం. ఆ జారుడుకు పునాది ఒక్కటే కారణం అనలేం.

ఓడిపోయే జట్లలో మొదలుపెట్టి పెద్దవాళ్లయినవాళ్లు లేరా? ట్రాయ్ ఐక్‌మన్ 1989లో ఆడిన 11 ఆటలూ ఓడాడు. పేటన్ మానింగ్ 1998లో 28 ఇంటర్‌సెప్షన్‌లు వేశాడు, జట్టు 3-13.

7. ఫ్రెస్నో ద్రాక్ష

కాలిఫోర్నియా ఫ్రెస్నో నుంచి రాస్తున్నాను. ఇక్కడ కార్ పేరు ఎత్తితే హ్యూస్టన్ కార్ ఎవరికీ గుర్తుకు రాడు. 2001లో ఫ్రెస్నో స్టేట్ జట్టు కొలరాడో, ఒరెగన్ స్టేట్, విస్కాన్సిన్ జట్లను వరుసగా ఓడించింది. పెద్ద విశ్వవిద్యాలయాలు మా ఊరిని చిన్నచూపు చూసే రోజులవి. ఆ ఏడాది కార్ 46 టచ్‌డౌన్‌లు వేశాడు. దేశంలో ఉత్తమ సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చే జానీ యునైటస్ గోల్డెన్ ఆర్మ్ అవార్డు అందుకున్నాడు.

మూడో క్వార్టర్ గారూ, ఒక్క సందేహం. మీరు మానింగ్ 28 ఇంటర్‌సెప్షన్‌లు చెప్పారు. అదే ఏడాది అతను తిన్న సాక్‌లు 22. కార్ 76. తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి నిలబడే చోటు కావాలి. మానింగ్‌కు ఆ చోటు దొరికింది.

8. బేయూ వాసి

ఫ్రెస్నో ద్రాక్ష గారికి నమస్కారం. నేను చెప్పాలనుకున్నది మీరు ఒక్క వాక్యంలో చెప్పారు.

ఇంకో రెండు విషయాలు చేరుస్తాను. ఇవి నన్ను ఎక్కువ కోపానికి గురిచేసేవి.

మొదటిది. కార్ మొదటి కోచ్ డామ్ కేపర్స్. అంతకు ముందు 1995లో కొత్త జట్టు కరోలినా పాంథర్స్‌ను మొదలుపెట్టింది ఈయనే. అక్కడా డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, కెరీ కాలిన్స్. కాని ఆ సీజన్ మొదటి మూడు ఆటలు అనుభవం ఉన్న ఫ్రాంక్ రైక్‌తో ఆడించారు. రెండో ఏటికే పాంథర్స్ 12-4తో కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కు ముందు ఆట) ఆడింది. అంత మంచి పాఠం చేతిలో పెట్టుకుని, హ్యూస్టన్‌లో కార్‌ను మొదటి రోజు మొదటి ఆట నుంచి దించారు. వెనక్కి తీసి కూర్చోబెట్టి, ఊపిరి తీసుకోనిచ్చిన రోజు ఆ సంవత్సరంలో ఒక్కటీ లేదు. 16 ఆటలూ ఆడాడు.

రెండోది. ఆఫెన్స్ నడిపిన క్రిస్ పామర్. ఈయన 1999లో మళ్లీ పుట్టిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు హెడ్ కోచ్. అక్కడా డ్రాఫ్ట్ మొదటి ఎంపిక క్వార్టర్‌బ్యాకే, టిమ్ కౌచ్. ఆ ఏడాది కౌచ్ 56 సార్లు సాక్ అయ్యాడు. బ్రౌన్స్ 2-14, తర్వాత 3-13, పామర్ వెళ్లిపోయారు. కౌచ్ జీవితం 64 టచ్‌డౌన్‌లు, 67 ఇంటర్‌సెప్షన్‌ల దగ్గర ఆగింది. కార్ మొత్తం 65, 71. కొత్త జట్టు, మొదటి ఎంపిక, ఒకే శిక్షకుడు, దాదాపు ఒకే అంకెలు. రెండు ఊళ్లలో ఇద్దరు కుర్రవాళ్లకూ స్వతహాగా ఒకే లోపం ఉందనుకోవడం కష్టం.

2005లో రెండు ఆటలు ఓడగానే పామర్‌ను తొలగించి, లైన్ కోచ్ జో పెండ్రీకి ఆఫెన్స్ అప్పగించారు. సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌కు భాషే మార్చేసినట్టు. ఆ ఏడాదే 68.

9. షుగర్‌ల్యాండ్ నాన్న

2002 డిసెంబర్ 8 కూడా గుర్తుచేసుకోవాలి. పిట్స్‌బర్గ్‌లో టెక్సన్స్ 24-6తో గెలిచింది. ఆ ఆటలో మన ఆఫెన్స్ మొత్తం సాధించింది 47 గజాలు. డిఫెన్స్ మూడు టచ్‌డౌన్‌లు వేసింది. గెలిచాం కాబట్టి అందరం పండుగ చేసుకున్నాం. 47 గజాల్లో ఆ కుర్రవాడు ఎలా బతికాడని ఆ వారం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

10. లంకతోట

పాత టేపులు గారూ, అంత వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం. మా అబ్బాయికి ఫోనులో చదివి వినిపించాను. "అమ్మకు పాకెట్ అంటే తెలిసిపోయింది" అని కోడలిని పిలిచి మరీ చెప్పాడు.

ఆట గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాని ముప్ఫై రెండేళ్లు పిల్లల్ని చూశాను కాబట్టి ఒకటి రాస్తాను. బాగా చదివే పిల్లవాడు పైతరగతిలో ఒక్కసారిగా మూగబోతే, మేము ముందు అడిగేది "వీడికి తెలివి పోయిందా" అని కాదు. "ఏ మాస్టారి దగ్గర కూర్చున్నాడు, తప్పు చెబితే ఏమవుతుంది" అని. తప్పు చెబితే దెబ్బ పడుతుందని ఒకసారి ఒంటికి తెలిశాక ఆ పిల్లవాడు జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడు. నేను అలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను. కొందరిని మళ్లీ మాట్లాడించగలిగాను. ఒక సంవత్సరం పట్టేది, కొందరికి రెండు. కొందరిని మాట్లాడించలేకపోయాను, వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

తలవంచి కదిలిపోయేవాడని చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు. మరి ఈ అబ్బాయికి మంచి మాస్టారు ఎప్పుడైనా దొరికారా?

11. పాత టేపులు

లంకతోట గారూ, దొరికారు, ఆలస్యంగా. 2006లో గ్యారీ క్యూబియాక్ హెడ్ కోచ్‌గా వచ్చారు. హ్యూస్టన్‌లో పుట్టినవారు, డెన్వర్‌లో జాన్ ఎల్వే వెనుక తొమ్మిదేళ్లు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నవారు. ఆయన కార్‌తో పొట్టి పాసులు వేయించారు. అడుగులు తగ్గించారు, బంతి త్వరగా వదిలించారు. ఆ ఏడాది కార్ పాసుల్లో 68.3 శాతం చేరాయి, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. నవంబర్‌లో బఫలోతో ఆటలో వరుసగా 22 పాసులు చేర్చాడు. అప్పటికి ఉన్న రికార్డుతో సమానం.

కాగితం మీద ఇది కోలుకోవడంలా కనిపిస్తుంది. మైదానంలో కాదు. ఆ ఏడాది ఒక్కో పాసు ప్రయత్నానికి వచ్చింది సుమారు 6.3 గజాలు. అంటే ముందున్న మనిషికి అందించి, దెబ్బ తప్పించుకోవడం. 22 వరుస పాసులు చేర్చిన ఆటలో జట్టు 24-21తో ఓడింది. ఆండ్రే జాన్సన్ లోతుగా పరుగెత్తి ఖాళీగా చెయ్యి ఎత్తిన ఆటలు ఉన్నాయి, బంతి పక్కన నాలుగు గజాల్లో పడింది. నాకు ఆ సీజన్ చూడడం 2005 కంటే కష్టంగా ఉంటుంది. 2005లో భయం బయటికి కనిపిస్తుంది. 2006లో భయం పద్ధతిగా మారిపోయింది.

క్యూబియాక్ ఒక్క ఏడాది చూసి వదిలేశారు. ఆయన్ను తప్పుపట్టను. అట్లాంటా నుంచి షాబ్‌ను తెచ్చారు. 2009లో షాబ్ 4,770 గజాలతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. మూడో క్వార్టర్ గారు అడిగిన 22 సాక్‌ల ప్రశ్నకు నా జవాబు ఇదే: షాబ్ అట్లాంటాలో మూడేళ్లు వెనక కూర్చుని నేర్చుకుని, ఒంట్లో ఆ భయం లేకుండా వచ్చాడు. లైన్ దాదాపు అదే, మనిషి చెడకుండా వచ్చాడు.

12. బేయూ వాసి

2006 గురించి మాట్లాడుతూ విన్స్ యంగ్ పేరు ఎత్తకపోతే ఈ ఊరివాళ్లు క్షమించరు. హ్యూస్టన్ కుర్రవాడు, ఇక్కడి మాడిసన్ హైస్కూల్లో చదివాడు, టెక్సస్ విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలిపాడు. 2-14తో అట్టడుగున నిలిచిన పుణ్యమా అని మొదటి ఎంపిక మన చేతిలో ఉంది. కార్ ఒప్పందాన్ని పొడిగించి, యంగ్‌ను వదిలేశారు. టెనెసీ తీసుకుంది. 2006 డిసెంబర్ 10న మన స్టేడియంలోనే, అదనపు సమయంలో, యంగ్ 39 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ వేసి మనల్ని 26-20తో ఓడించాడు.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, టికెట్ కొని వెళ్లాను. జనం సగం మంది యంగ్ కోసం లేచి నిలబడ్డారు. సొంత క్వార్టర్‌బ్యాక్ పక్కన హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, యాజమాన్యం మీది కోపమంతా అతని మీద పోశాం. నేనూ అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

13. నిర్వాహకులు

కార్ జుట్టు, చేతి తొడుగులు, మతవిశ్వాసం మీద వచ్చిన మూడు వ్యాఖ్యలు తొలగించాం. ఆట మీద ఎంత గట్టిగానైనా వాదించండి. చర్చ ఇంతవరకు చాలా బాగా సాగింది, ఇలాగే కొనసాగించండి.

14. మూడో క్వార్టర్

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. లంకతోట గారి మాట నన్ను ఆపింది. నా వాదనలో కొంత వెనక్కి తీసుకుంటాను, కొంత నిలబెట్టుకుంటాను.

వెనక్కి తీసుకునేది: బరో, వాట్సన్‌లతో పోలిక. బరో 51 సాక్‌ల ఏడాదికి ముందు సగం సీజన్ ఆడాడు. చుట్టూ జమార్ చేజ్ లాంటివాళ్లు, గెలిచే జట్టు. గెలుస్తూ తినే దెబ్బ, ఓడిపోతూ తినే దెబ్బ ఒకటి కావు. కౌచ్, పామర్ సంగతి నేను ఇంతవరకు కలిపి చూడలేదు. అది బలమైన సాక్ష్యం.

నిలబెట్టుకునేది: 2007. కార్ కరోలినా వెళ్లాడు. కొత్త ఊరు, కొత్త లైన్. జేక్ డెలోమ్ మోచేయి గాయంతో తప్పుకోగానే అవకాశం వచ్చింది. నాలుగు ఆటలు మొదలుపెట్టాడు, ఒక్కటి గెలిచాడు. అతనికి వెన్ను నొప్పి వస్తే 43 ఏళ్ల విన్నీ టెస్టావర్డీని తీసుకొచ్చి దించారు. ఆయన అరిజోనాలో గెలిచారు. సీజన్ చివర్లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కొత్త కుర్రవాడు మాట్ మూర్ కార్‌ను దాటి ఆడాడు. అక్కడ హ్యూస్టన్ లైన్ లేదు, పామర్ లేరు. ఆట మారలేదు.

మీరు భయం ఒంటికి పట్టిందంటారు. కావచ్చు. కాని అలెక్స్ స్మిత్‌ను చూడండి. 2005 డ్రాఫ్ట్ మొదటి ఎంపిక, తొలి ఏడాది ఒక టచ్‌డౌన్, 11 ఇంటర్‌సెప్షన్‌లు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏటా ఆఫెన్స్ నడిపేవాళ్లు మారారు. సొంత జనం గేలిచేశారు. భుజానికి శస్త్రచికిత్సలు జరిగాయి. 2011లో జిమ్ హార్బా వచ్చాక 13-3. స్మిత్ లేచాడు. కార్ లేవలేదు. ఆ తేడాలో కొంత భాగం మనిషిదే అనుకుంటాను.

15. ఫ్రెస్నో ద్రాక్ష

మూడో క్వార్టర్ గారూ, మీరు స్మిత్ పేరు తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. 2010లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్మిత్ వెనుక కూర్చున్న క్వార్టర్‌బ్యాక్‌లలో కార్ ఒకడు. మరుసటి ఏడాది న్యూయార్క్ జయంట్స్‌కు తిరిగి వెళ్లాడు. 2012 జనవరి 22న కాన్ఫరెన్స్ ఫైనల్లో స్మిత్ జట్టును జయంట్స్ అదనపు సమయంలో 20-17తో ఓడించింది. గెలిచిన పక్కన ఈలై మానింగ్‌కు బదులుగా సిద్ధంగా నిలబడ్డది కార్. రెండు వారాల తర్వాత 46వ సూపర్ బౌల్ ఉంగరం కూడా వచ్చింది. ఆ సీజన్‌లో ఒక్క బంతి విసరకుండా.

స్మిత్‌కు ఏడో ఏట కోచ్ దొరికాడు. ఆరేళ్లూ ఒకే జట్టు అతన్ని ఉంచుకుంది కాబట్టి దొరికాడు. ఇందులో మనిషి వాటా ఉందంటే కాదనను. తిలా పాపం తలా పిడికెడు. కాని పిడికిళ్లు అన్నీ ఒకే సైజులో లేవు. 23 ఏళ్లవాడి పిడికిలి ఎంతుంటుంది?

16. షుగర్‌ల్యాండ్ నాన్న

ఇది చర్చకు ఎంత అవసరమో తెలియదు, రాయకుండా ఉండలేకపోతున్నాను. కార్ ఇక్కడ ఆడే రోజుల్లో అతని తమ్ముడు డెరెక్ మా ఊళ్లోనే పెరిగాడు. కొన్నాళ్లు క్లెమెంట్స్ హైస్కూల్లో చదివాడు. మా పెద్దవాడు తర్వాత అదే బడికి వెళ్లాడు. మన తెలుగు పిల్లలు ఎంతమంది చదివారో ఆ బడిలో!

ఆ పిల్లవాడు పదకొండో ఏట నుంచి ప్రతి ఆదివారం అన్నను పడగొట్టడం చూస్తూ పెరిగాడు. తర్వాత అదే ఫ్రెస్నో స్టేట్, అదే స్థానం. 2014లో ఓక్లాండ్ రెండో రౌండులో తీసుకుంది. మొదటి ఏడాది 16 ఆటలూ ఆడి 24 సార్లే సాక్ అయ్యాడు. జట్టు 3-13, అన్న మొదటి ఏడాది జట్టు కంటే అధ్వానం. అయినా బంతి త్వరగా వదిలేవాడు. కొందరు అతన్నీ పాకెట్‌లో తొందరపడతాడని విమర్శించారు. ఆ విమర్శ విన్న ప్రతిసారీ నాకు 2002 గుర్తొచ్చేది. అన్న తిన్న దెబ్బల్లోంచే తమ్ముడు ఆ తొందర నేర్చుకున్నాడని నా నమ్మకం. రుజువు చేయలేను.

17. పాత టేపులు

బేయూ వాసి గారు స్ట్రౌడ్‌తో మొదలుపెట్టారు, దానికి వస్తాను. 2024లో అతని 52 సాక్‌లనూ ఒక్కొక్కటిగా చూశాను. తల వంగినవి ఉన్నాయి. కాని 2005 కార్ లాగా గోడ నిలబడి ఉండగా పారిపోయినవి తక్కువ. దెబ్బ వస్తుందని తెలిసీ నిలబడి విసిరిన పాసులు చివరి ఆటల్లో కూడా ఉన్నాయి. 2025 మార్చిలో లెఫ్ట్ ట్యాకిల్ లారెమీ టన్సిల్‌ను వాషింగ్టన్‌కు పంపేసినప్పుడు మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మా జట్టులో పదేళ్ల అబ్బాయి ఉన్నాడు, మంచి చెయ్యి. పోయిన నెల పక్కనుంచి ఎవరో తగిలి పడ్డాక రెండు వారాలు బంతి రాగానే కళ్లు మూసుకున్నాడు. వాణ్ని క్వార్టర్‌బ్యాక్ స్థానం నుంచి తీసేయమని వాళ్ల నాన్నే అడిగారు. తీయలేదు. ఎదురు ఎవరినీ నిలబెట్టకుండా, ఖాళీ మైదానంలో, ముగ్గురు స్నేహితులకు విసరమన్నాను. నిన్న సాయంత్రం మళ్లీ తల ఎత్తి రెండోవాడి వైపు చూశాడు.

18. లంకతోట

ఆ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి. వచ్చే ఆదివారం ఆట మా అబ్బాయితో పాటు ఫోనులో చూస్తాను, ఇక్కడ అర్ధరాత్రయినా సరే. స్ట్రౌడ్ చొక్కా అంకె ఎంతో ఎవరైనా చెబుతారా?

19. బేయూ వాసి

ఏడు, లంకతోట గారూ. బంతి అతని చేతికి రాగానే బంతిని చూడకండి. అతని తల చూడండి.